ఖాళీ మగ్గం

గురువారం.

ఆదివారం నా సంచుల ఫొటోషూట్. మొదటి ఫొటోగా సాంబయ్య తాత చేతులు, మగ్గం మీద సగం నేసిన జంపఖానా రావాలని రాసుకున్నాను. నేను కుట్టే సంచులన్నీ ఆయన నేసిన ఈ మందపాటి నూలు బట్టతోనే కదా. "మగ్గం జర నీట్‌గ పెట్టు తాతా" అని ఫోన్‌లో చెప్పింది కూడా నేనే.

ఈ సాయంత్రం వెళ్లి చూస్తే మగ్గం మీద ఒక్క నూలుపోగు లేదు. పూర్తయిన జంపఖానా మడతపెట్టి నా చేతిలో పెట్టాడు.

"సగం పని నలుగురికి సూపెడితే ఇజ్జత్ పోతది బిడ్డా. రెండు రోజులు కూసోని మొత్తం నేసి, మగ్గం మీంచి కోసిన."

"ఆదివారం లోపల మళ్ల పడుగు ఎక్కిద్దాం తాతా."

"పడుగు ఎక్కియ్యాల్నంటే ఒక్కొక్క పోగు ఎవలు అందిస్తరు? మా ముసల్దానికి కండ్లు కనవడ్తలేవు. ఇదే ఆఖరుది. మంచిగ తియ్యమను."

ఫొటోగ్రాఫర్‌కి ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పాలి? తాత కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడట. ఖాళీ మగ్గం ముందు కూర్చుంటాడు. ఆ ఫొటో చూసి ఎవరైనా సంచి కావాలంటే నా దగ్గర ఉన్న బట్ట ఈ ఆఖరి జంపఖానా ఒక్కటే. కత్తెర పక్కనే ఉంది. కోయడానికి చేయి రావడం లేదు.