వాగు బీడు గేటు

డిసెంబర్ 30, సాయంత్రం

కొండ అవతల పొగ. ఇక్కడి డిసెంబర్ ఎండలకి అడవి అంటుకుంది. గాలి మళ్ళితే రేపు మా మీదికేనని ఫైర్ వాళ్ళు ఫోన్ చేశారు. పొద్దున్నే అన్ని బీళ్ళ గేట్లూ తెరిచేద్దాం, ఆవులు వాటి దారి అవి చూసుకుంటాయి అన్నాడు డెస్. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో గేటు తెరిచి పెట్టమని ఈ మనిషి నోట వినడం ఇదే మొదలు. కాపురానికొచ్చిన కొత్తలో ఒక్కసారి మూయడం మరిచానని మామగారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

డిసెంబర్ 31, మధ్యాహ్నం 12

పట్టపగలే చీకటి. డెస్ ట్రాక్టర్ మీద గేట్లు తెరుస్తూ తిరుగుతున్నాడు. నేను పికప్‌లో వాగు నుంచి నీళ్ళు తెచ్చాను.

జనవరి 1

బతికే ఉన్నాం. ఇల్లుంది, పాల షెడ్డుంది. నిన్న పాలు పిండే వేళకి నూట పది ఆవులూ అలవాటు కొద్దీ వాటంతటవే వచ్చి షెడ్డు ముందు సిమెంటు నేల మీద నిలబడ్డాయి. అదే కాపాడింది వాటిని.

వాగు బీడులో పద్నాలుగు పెయ్యలు. ఇంకా ఈనలేదు, షెడ్డు దారి తెలియదు. అక్కడ గేటు మూసి ఉంది. అన్నీ దాని దగ్గరే పడి ఉన్నాయి. రెండింటికి ప్రాణం ఉంది. డెస్ తుపాకీ తెమ్మన్నాడు. తెచ్చిచ్చాను.

జనవరి 3

కరెంటు లేదు. పక్క ఫారం మెర్వ్ జనరేటర్ తెచ్చిచ్చాడు. ఏం నోలా, మసి పూసుకుంటే పదేళ్ళు తగ్గావే, రోజూ పూసుకోరాదూ అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గేసింది.

పిండకపోతే పొదుగులు వాచిపోతాయి. రోడ్డు మూసేశారు, ట్యాంకర్ రాదు. పిండిందంతా కాలువలోకే.

జనవరి 6

డెస్ మెర్వ్‌తో అంటుంటే విన్నాను. అన్ని గేట్లూ తెరిచానురా, అదొక్కటే ఎలా మరిచానో, గేటు గుర్తుండని వాడికి పశువులెందుకు, మందనంతా అమ్మేస్తా అన్నాడు.

ఇక్కడైనా రాయాలి. నువ్వు మరిచిపోలేదు డెస్. తెరిచావు. నీళ్ళు తెస్తూ ఆ బీడులోంచే వచ్చాను నేను. బండి దాటించి, దిగి, గేటు మూశాను. ఎప్పటిలాగే. గొలుసు కూడా తగిలించాను. నా చెయ్యి మూసేసింది, నా బుర్రకి తెలియనే లేదు.

జనవరి 7

చెప్పలేదు.

జనవరి 8

చెప్పలేదు. డెస్ రొట్టె ముక్క కూడా ముట్టడం లేదు. మంద కోసం శనివారం లారీలు వస్తాయట.

జనవరి 10, శుక్రవారం

పొద్దున పాలు పిండుతుంటే, మధ్యలో ఆవుని పెట్టుకుని చెప్పేశాను. మిషన్ మోతలో వినబడలేదేమోనని మళ్ళీ అరిచి చెప్పాను.

డెస్ పొదుగు తుడవడం ఆపలేదు. తెలుసు అన్నాడు. ట్రాక్టర్ మీద నుంచి చూశాడట. నువ్వు గొలుసు తగిలిస్తుంటే చూశానే పిచ్చిదానా, నాకూ ఏమీ అనిపించలేదు, శుభ్రంగా మూసింది అనుకుని నా దారిన నేను పోయాను అన్నాడు.

మరి మరిచిపోయానని ఊరంతా ఎందుకు చెప్పావని అడిగాను. ఎవరో ఒకరు మరిచిపోవాలి కదా అన్నాడు.

ఇద్దరం ఏడ్చాం. ఆవు మాత్రం మేత తింటూనే ఉంది. ఈ మనిషి మీద నాకింకా ఇంత ప్రేమ మిగిలి ఉందని నాకే తెలియదు. తర్వాత తనే వెళ్ళి లారీలు వద్దని ఫోన్ చేశాడు.

మార్చి 2

వానలు పడ్డాయి. వాగు బీడులో బెత్తెడు గడ్డి. ఆవుల్ని తోలాం. గేటు మూయడానికి నేను బండి దిగాను. అటువైపు నుంచి తనూ దిగాడు. ఒక్క గేటుకి ఇద్దరం.