గడియ పెట్టుకుని మాట్లాడు

చిన్నోడా, డ్యూటీకి వెళ్తున్నా. సాయంత్రం నీ మొదటి వీడియో కౌన్సెలింగ్ నా గదిలో పెట్టుకో, వైఫై అక్కడే బాగుంటుంది. గడియ వేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకో. ఆ కౌన్సెలర్ ఏం చదివారో, నువ్వు చెప్పేవి బయటికి పోతాయేమో మొహమాటం లేకుండా ముందే అడుగు. నీకు మరీ కంగారొస్తే నాకు ఫోన్ చెయ్యమని నా నంబరు ఆవిడకివ్వు. ఆవిడతో కుదరకపోతే ఇంకొకరిని చూద్దాం, అంతేగానీ మానెయ్యకు.

పొద్దున నాన్న “మనింట్లో పిచ్చివాళ్ళెవరూ లేరు” అని మళ్ళీ మొదలెట్టారు. “నేనూ ఏడాదిగా కౌన్సెలింగ్ తీసుకుంటున్నా నాన్నా, పిచ్చిదానిలా ఉన్నానా?” అని మొహం మీదే అడిగేశా. టిఫిన్ వదిలేసి లేచిపోయారు. అలిగితే అలగనీ.

అక్క

అన్నట్టు, ఆయన కోపమంతా ఇప్పుడు నా మీదే ఉంది, నువ్వున్న గది తలుపు కొట్టరు. ఏడుపొస్తే ఆపుకోకు.