కంట్రోలు తప్పిన మాట గురించి

సరుకుల యార్డు పాలనాధికారి గారి సముఖమునకు, మూడో నంబరు క్రేన్ ఆపరేటరు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా గురించి తాము జారీచేసిన రెండు ఉత్తర్వులు ఒకదానితో ఒకటి పొసగనందున, రెంటినీ రద్దుచేసి ఎనిమిది వారాల వైద్య సెలవు మంజూరు చేయుట గురించి.

1. నేను పదకొండేళ్లుగా సదరు క్రేను నడుపుచున్నాను. ఇంతవరకు నా చేతిమీదుగా ఒక్క పెట్టె కూడా కింద పడలేదు.

2. నాకు బులీమియా అను జబ్బు కలదు. ఒక్కోసారి తినడం మొదలుపెడితే ఆపుకోలేను. తరువాత బాత్రూంలో గడియ పెట్టుకొని కక్కేస్తాను. ఏడేళ్లు దాచాను. మా అక్క ఆ తలుపు బయట కూర్చుని ఏడ్చిన రోజున దాచడం మానేసి ఆసుపత్రికి వెళ్లాను.

3. వైద్యురాలు కార్యాలయానికి ఉత్తరం రాశారు: "తినే సమయంలో కంట్రోలు తప్పుతుంది, చికిత్సకు ఎనిమిది వారాల సెలవు అవసరం." గుమాస్తాగారు దానిని ఫైలుకెక్కించునప్పుడు, గడిలో చోటు చాలక కాబోలు, మొదటి రెండు మాటలు వదిలివేసినారు. మిగిలినది "కంట్రోలు తప్పుతుంది." మన యార్డులో ఆ మాటకు లోడు జారిందని ఒకటే అర్థమని తమకు తెలియనిది కాదు. మరునాడే తమ మొదటి ఉత్తర్వుతో నన్ను క్రేను దింపి, గోదాములో చీటీలు అతికించే పనికి వేసినారు. ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి క్రేను బ్రేకులు విప్పి చూసింది. ఫోర్మన్ నన్ను పక్కకు పిలిచి, "ఏ లోడు పడేశావో చెప్పమ్మా, ఏదో ఒక తేదీ వేసి మూసేద్దాం" అన్నాడు. పాపం, ఆయన నా మంచికే అన్నాడు.

4. అసలు సంగతి చెప్పుకొనుటకు తమ గదికి వచ్చాను. తాము నవ్వినారు. "నోరు కట్టేసుకుంటే పోయేదానికి సెలవెందుకమ్మా?" అన్నారు. సాయంత్రానికి రెండో ఉత్తర్వు వచ్చింది: సదరు సమస్య ఉద్యోగిని చేతిలోనిదే గనుక సెలవు నిరాకరించడమైనది. అంటే మొదటి కాగితం ప్రకారం నాకు కంట్రోలు లేదు కాబట్టి క్రేను లేదు. రెండో కాగితం ప్రకారం కంట్రోలంతా నా చేతిలోనే ఉంది కాబట్టి సెలవు లేదు. రెండింటి కిందా తమ సంతకమే ఉన్నది.

5. ఆ ఆసుపత్రిలో ఈ జబ్బు గురించి మెదడు మీద పరిశోధన జరుగుచున్నది. నేనూ పేరిచ్చాను. గొట్టంలాంటి యంత్రంలో కదలకుండా పడుకోబెట్టి, తెర మీద బాణం గుర్తు రాగానే మీట నొక్కమంటారు. ఎర్ర గుర్తు వస్తే నొక్కబోయే వేలిని ఆపాలి. తరువాత తిండి బొమ్మలు చూపిస్తూ మళ్లీ అదే పని. మనిషిని ఆపే భాగాలు మెదడులో ఎలా పనిచేస్తున్నాయో వాళ్లు చూస్తారు. ఈ జబ్బున్నవారిలో అవి వేరుగా పనిచేస్తూ ఉండవచ్చని, ఎందుకో ఇంకా తేలలేదని వైద్యురాలు చెప్పారు. ఏళ్ల తరబడి చూస్తున్నవారికే తేలనిది తమకు టీ చల్లారేలోపు తేలిపోయింది. అయ్యా, నాకు ఒళ్లు మండిపోతోంది. క్రేను ఆగలేదంటే బ్రేకు విప్పి చూస్తారు. నేను ఆగలేదంటే మాత్రం తిండిపోతునా?

6. కావున ఫైలులో ఎగిరిపోయిన ఆ రెండు మాటలు తిరిగి చేర్పించి, సెలవు ఇప్పించి, చికిత్స ముగిశాక నన్ను నా క్రేను మీదికి పంపగలందులకు ప్రార్థన. ఈసారైనా మాటలేవీ వదలకుండా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో నంబరు క్రేన్ ఆపరేటరు
(ప్రస్తుతం చీటీలు అతికించునది)

తా.క. అక్క ఇది చదివి "విధేయురాలు ఏంటే, కొట్టెయ్" అంది. పద్ధతి కదా అని ఉంచాను. సోమవారం పొద్దున ఎనిమిదింటికి నేను ఆసుపత్రిలో ఉంటాను. మీరు సెలవిస్తే సెలవు మీద ఉన్నట్టు, ఇవ్వకపోతే చెప్పాపెట్టకుండా పోయినట్టు రాసుకోండి. క్యాబిన్ తాళంచెవి ఫోర్మన్‌కి ఇచ్చేశాను. నా సీటు మాత్రం ఎవరినీ జరపనివ్వకండి. తిరిగొచ్చి కూర్చునేది నేనే.