తోర్వా బజారులో అడిగిన పేరు

శుక్రవారం

హిందూ ముస్లిం గొడవల తర్వాత ఈరోజే మా క్వార్టర్ల దగ్గరి తోర్వా బజారు తెరిచారు. ఎప్పుడూ కూరగాయలు కొనే సలీమా దగ్గర బెండకాయలు ఏరుతుంటే, నలుగురు కుర్రాళ్లు వచ్చి ఆమె పేరేటని హిందీలో అడిగారు.

"సీత," అంది తలెత్తకుండా.

వాళ్లు నా వైపు తిరిగారు. "నిజమేనా ఆంటీ?"

"అవును, మా సీతే. ఏళ్ల తరబడి ఎరుగుదును," అన్నాను.

వాళ్లు వెళ్లాక ఏడుస్తుందనుకున్నాను. బెండకాయలు తూచి సంచిలో పోసింది, అంతే.

ఇంటికొచ్చి చెబితే ఆయన, "నీకెందుకొచ్చిన గొడవ? రేపు వాళ్లు మన క్వార్టర్‌కి వస్తే ఏటి చేస్తావ్?" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లాను. భయం లేదు, కోపమూ రాలేదు. కూర వండాను, అందరం తిన్నాం.

రేపు బజారులో కనిపిస్తే ఆమెని ఏటని పిలవాలో...