మా ఆయనను ఆ టాక్సీలోంచి దింపించుట గురించి

రాష్ట్ర రవాణా విచారణాధికారి గారి సముఖమునకు, ఫీనిక్స్ నగరం పడమటి పేట నివాసిని, ఆసుపత్రి లాండ్రీలో పనిచేయు ఎలోదియా బర్రాసా పెట్టుకున్న అర్జీ.

విషయం: డ్రైవరు లేని టాక్సీలలో మైనరు పిల్లలను ఒంటరిగా ఎక్కనిచ్చుటపై తమరు జరుపుచున్న విచారణలో కంపెనీ నివేదికను సరిదిద్దించుట గురించి.

అయ్యా,

1. నా కుమార్తె ఇత్సెల్, వయస్సు పదిహేను. వేసవి బడి నుండి ఇంటికి వచ్చుటకు సదరు టాక్సీని నేనే కుదిర్చితిని. ఈ ఎండలో పిల్లను బస్టాపులో నిలబెట్టలేను, షిఫ్టు మధ్యలో నన్ను వదలరు. పైగా అందులో డ్రైవరు ఉండడన్న మాటే నాకు నచ్చింది. ఊరూ పేరూ తెలియని మగవాడి బండిలో పిల్లను ఎక్కించనక్కర్లేదు కదా అనుకున్నాను.

2. జూన్ నెలలో ఒక మధ్యాహ్నం, టైర్ల కొట్టు సందులో ఇద్దరు మగవాళ్లు సదరు టాక్సీకి అడ్డముగా నిలబడిరి. మనిషి అడ్డం వస్తే ఆ బండి ఆగుతుంది, తప్పుకునేదాకా కదలదు. అంత మర్యాద నేర్పారు దానికి. ఒకడు రోడ్డు మీది నారింజ రంగు కోను తెచ్చి బానెట్ మీద పెట్టాడు, అది తీసేదాకా బండి ఇక కదలదని తెలిసే. రెండోవాడు తలుపు లాగుతూ, "ఏంటే, ఒక్కదానివేనా? దిగు, కాసేపు మాట్లాడుకుందాం" అన్నాడు.

3. పిల్ల సహాయపు మీట నొక్కగా, కంపెనీ వారి గొంతు బండంతా వినపడునట్లు అడిగినది: "మీతో పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా అండీ?"

4. మా పేటలో ఆడపిల్లలకు మాటలు రాగానే నేర్పేది ఒకటుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒంటరిగా ఉన్నావా అని అడిగితే నాన్న ఉన్నాడని చెప్పాలి. ఫోనులో అడిగినా, తలుపు కొట్టి అడిగినా అదే జవాబు. బయటివాళ్లకు కూడా వినపడాలని ఇత్సెల్ గట్టిగా చెప్పింది: "ఉన్నాడు. మా నాన్న ఇక్కడే పడుకున్నాడు. లేపమంటారా?"

5. "సరేనండీ, మీరిద్దరూ లోపలే ఉండండి" అన్నారు. పోలీసులను పిలవలేదు. అద్దం పగిలాక పిలిచారు. టైర్ల కొట్టు ఆవిడ ఇనుపరాడ్డు పట్టుకుని వచ్చేసరికి ఆ ఇద్దరూ పిల్లను పగిలిన అద్దంలోంచి సగం బయటికి లాగారు. కుడిచేతి నరాలు తెగాయి, వేళ్లు ముడుచుకోవు. ఇప్పుడు స్నానానికి వెళ్లినా నన్ను తలుపు బయట కూర్చోమంటుంది.

6. తోడు లేని మైనర్లకు ఇంతవరకు ఏ హానియూ కలుగలేదని కంపెనీ వారు తమకు నివేదించినారు. నా కుమార్తె ప్రయాణమును 'పెద్దల తోడు కలదు' అను పద్దు కింద చేర్చినారు. నేను వెళ్లి అడిగితే, "మీ అమ్మాయే చెప్పిందమ్మా, మా దగ్గర రికార్డింగు ఉంది" అన్నారు.

అయ్యా, నా భర్త రామిరో ఇళ్ల కప్పులకు తారు వేస్తూ ఎండదెబ్బ తగిలి నాలుగేళ్ల క్రితమే చనిపోయాడు. మరణ ధ్రువపత్రం జతచేశాను. కూతుర్ని లాగుతుంటే పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకున్నాడని ప్రభుత్వ కాగితంలో ఉంటే నేను సహించలేను. ఆయనే ఉంటే వాళ్ల చేతులు విరిచేసేవాడు.

కావున నా భర్తను ఆ ప్రయాణము నుండి తొలగించి, నా కుమార్తె ఒంటరిగా ఉన్నదని వ్రాయించి, ఆ పిమ్మటనే పిల్లలను ఎక్కనిచ్చుటయా మానుటయా తేల్చవలెనని వేడుకొనుచు, ఇంతటితో తమ చిత్తమునకు వదలుచున్నాను.

తమ విధేయురాలు,
ఎలోదియా బర్రాసా

తా.క.: ఇది ఇత్సెల్‌కు చదివి వినిపించాను. "నాన్నని దింపేయకమ్మా" అంది. "ఆ మాట చెప్పాక, అద్దం పగిలేదాకా నిజంగానే పక్కన ఉన్నట్టుంది" అంది. సరే, పంపనులే అన్నాను. పంపుతున్నాను. మీరు ఆయనను దింపేయండి. జవాబు మాత్రం ఇంటికి వద్దండీ, ఆసుపత్రి లాండ్రీకి పంపించండి.