గురువారం రెండింటికి మధురై

5 జనవరి 2023, గురువారం. నల్లగొండ

డయాలసిస్ బెడ్ పక్కన స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. అమ్మకు సోమవారం, గురువారం, నాలుగేసి గంటలు. ఈ రెండేళ్ళలో నేను చదివిన పుస్తకాలన్నీ ఈ స్టూలు మీదే చదివాను.

ఈరోజు అమ్మ ఉన్నట్టుండి కన్యాకుమారి పోవాలంది. మీ బాపు ఇరవై ఆరేండ్లు ఊరందర్ని బస్సుల తిప్పిండు, నన్ను ఎన్నడన్న యాడికన్న తీస్కపోయిండా, ఇగ ముందలికి తొవ్వనే లేని జాగ ఒకటుందంట, గక్కడి దాంక తోల్కపొమ్మను, జూస్త అంది.

అని నిద్రపోయింది.

8 జనవరి, ఆదివారం

బాపు ఒప్పుకున్నాడు. సర్వీసంతా ఆయన నడిపింది నల్లగొండ నుంచి సాగర్, సాగర్ నుంచి నల్లగొండ. రిటైరై ఏడాదైనా పొద్దున నాలుగున్నరకే లేస్తాడు. సదువుకున్నదానివి గదా బిడ్డా, చార్టు నువ్వు గియ్యి, బండి నేను తోల్త అన్నాడు.

హైదరాబాద్‌లో సెల్ఫ్ డ్రైవ్ కారు దొరుకుతుందన్నాను. డ్రైవరే లేని బండికి కిరాయెందుకియ్యాలె అని నవ్వాడు. ఆ జోకు అన్నం తినేటప్పుడు మళ్ళీ వేశాడు.

సోమ, గురువారాలను కదిలించలేం. ముందు వాటిని రాసి మిగతా రోజుల్ని మధ్యలో ఇరికించాను. శుక్రవారం బయలుదేరి నెల్లూరు. శనివారం విల్లుపురం. ఆదివారం మధురై. సోమవారం అక్కడే డయాలసిస్, అది కాగానే కన్యాకుమారి. గురువారం మళ్ళీ మధురైలో డయాలసిస్. శనివారానికి ఇల్లు. మొత్తం తొమ్మిది రోజులు. రంగు పెన్నులతో గీశాను.

9 జనవరి, సోమవారం

డయాలసిస్ సెంటర్‌లో సిస్టర్ గ్లోరీకి చార్టు చూపించాను. మిషన్ దిగినంక అమ్మ ఎట్లుంటదో నీకు నేను చెప్పాల్నా, ఆ దినం పండుకుంటది, తెల్లారి గూడ పండుకుంటది, బుధారం దాంక బండి కదలదు అంది.

సిగ్గేసింది. రెండేళ్ళుగా చూస్తున్నదాన్ని. కిలోమీటర్లు లెక్కపెట్టాను, అమ్మను మరిచాను.

కన్యాకుమారికి ఇప్పుడు ఒక్క రాత్రే మిగిలింది. బుధవారం చేరి గురువారం పొద్దున్నే వెనక్కి.

11 జనవరి, బుధవారం

పక్కింటి సత్తమ్మ చార్టులో రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టింది. పోయినకాడికెల్లి తొమ్మిదో నాడు ఇంట్ల కాలు వెడ్తరా ఎవరన్న, గీ పిల్లకు పుస్తకాలల్ల గదొక్కటి రాయలేదా అంది. అమ్మ వెంటనే అవునంది. బాపు కూడా. డిపోలో ఒకడు అట్లా వచ్చి కాలు విరగ్గొట్టుకున్నాడట.

పదో రోజుకు మార్చాను. ఆదివారం ఇల్లు. నిజానికి మంచిదే. గురువారం మిషన్ దిగాక అమ్మ శుక్రవారమంతా మధురైలోనే పడుకోవచ్చు. సత్తమ్మకు ఆ మాట చెప్పలేదు.

13 జనవరి, శుక్రవారం

మధురైలో డయాలసిస్ బెడ్ దొరకాలి. అది లేకపోతే ఏదీ లేదు. ఫోన్ చేయాలి.

చేయలేదు.

17 జనవరి, మంగళవారం

చేశాను. ఏం మాట్లాడాలో ముందు కాగితం మీద రాసుకున్నాను. కాన్వెంట్‌లో పన్నెండేళ్ళు ఇంగ్లీషు చదివి, గుడ్ మార్నింగ్ అనగానే ఆగిపోయాను. అవతల తమిళం. పెట్టేశాను. రెండో సెంటర్ బయటి పేషెంట్లను తీసుకోం అంది. మూడోది ఎత్తలేదు. నాలుగోది రిపోర్టులు పంపమంది, వైరల్ మార్కర్స్, అంటే హెచ్ఐవీ, హెపటైటిస్ రక్తపరీక్షలు, నెలలోపువి కావాలంది. పంపాను.

పుస్తకం తెరిస్తే ఒకే పేజీ మూడుసార్లు చదివాను.

19 జనవరి, గురువారం

కొత్త కష్టం. బాపు చూడని తొవ్వ మీద బండి తోలడట. కొత్త రూటు పడితే డ్రైవరు ముందు ఉత్తగా ఆ బస్సెక్కి పోయి చూసి రావాలి, అది డిపోలో పద్ధతి. ఫోన్‌లో మ్యాప్ చూపించాను. గీ ఫోన్‌ల పిల్ల మలుపమంటె మలుపాల్నా, స్పీడ్ బ్రేకర్ యాడున్నదో చెప్తదా, ప్యాసింజర్ పానం బాగలేని మనిషి అన్నాడు.

రేపు బస్సులో కన్యాకుమారి పోతాడట. రూటు చూడడానికి. అరవై దాటిన మనిషి. అమ్మ ఏమయ్యా పిచ్చి లేసిందా అంది. నేను ఆయన బ్యాగు సర్దాను. నేనెప్పుడూ ఏమీ అనను.

23 జనవరి, సోమవారం

బాపు లేడు. అమ్మను నేనే ఆటోలో తీసుకెళ్ళి తెచ్చాను. మెట్ల దగ్గర ఇద్దరం కాసేపు కూర్చున్నాం. పది రోజులు కారులో ఎలా తిప్పుతాం అనిపించింది. అమ్మ నా ముఖం చూసి, చార్టు చింపకు బిడ్డా అంది.

25 జనవరి, బుధవారం

బాపు వచ్చాడు. కాళ్ళు వాచాయి. నోట్‌బుక్ నిండా మలుపులు, టీ హోటళ్ళు, ఆడవాళ్ళకు బాత్రూం ఉన్న బంకులు. స్టేజీలవారీగా టైములు.

సముద్రం ఎట్లుంది అని అమ్మ అడిగింది. చూడలేదట. బస్టాండుల దిగిన, అరగంటల మర్లొచ్చే బండి ఉండె, ఎక్కి వచ్చిన, పోయింది తొవ్వ చూసెటందుకు గదా అన్నాడు.

అమ్మ లోపలికి పోయి పడుకుంది. సాయంత్రం గోడ మీంచి సత్తమ్మతో, గంత దూరం పోయి బస్టాండ్ చూసొచ్చిండు నా మొగడు అని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

27 జనవరి, శుక్రవారం

మధురై నుంచి ఫోన్ వచ్చింది. బెడ్ ఇస్తారట. ఫిబ్రవరి ఆరో తారీఖు సోమవారం పొద్దున ఏడింటికి, తొమ్మిదో తారీఖు గురువారం మధ్యాహ్నం రెండింటికి. గురువారం రెండు దాటితే బెడ్ వేరేవాళ్ళకు పోతుందని రెండుసార్లు చెప్పారు. ఎస్ మేడమ్ అని ఎన్నిసార్లు అన్నానో.

3 ఫిబ్రవరి, శుక్రవారం. నెల్లూరు

ఐదింటికి అని రాశాను. ఐదింటికే కదిలింది. బాపు హారన్ కొట్టి రైట్ రైట్ అన్నాడు.

5 ఫిబ్రవరి, ఆదివారం. మధురై

అలసట.

6 ఫిబ్రవరి, సోమవారం. మధురై

ఇక్కడా స్టూలే. నర్సుకు తెలుగు రాదు, అమ్మకు తమిళం రాదు, నాలుగు గంటలూ మాట్లాడుకున్నారు. మధ్యలో బీపీ పడిపోయింది. అమ్మ కాళ్ళు పైకెత్తి పట్టుకున్నారు. వెనక్కి పోదామా అని బాపు నన్ను అడిగాడు. డాక్టర్ను కాదు, నన్ను. రేపు చూసి చెప్తానన్నాను.

7 ఫిబ్రవరి, మంగళవారం

అమ్మ రెండు ఇడ్లీలు తిన్నది. పోదామని చెప్పాను.

8 ఫిబ్రవరి, బుధవారం. కన్యాకుమారి

పన్నెండుకు చేరాం. అమ్మ లాడ్జి మంచం మీద పడుకున్నది లేవలేదు. నాలుగు. ఐదు. ఆరు. కిటికీలోంచి ఎదుటి లాడ్జి గోడ. బాపు గుమ్మంలో నిలబడి, లేపుదామా వద్దా అని ఐదుసార్లు అడిగాడు. వద్దన్నాను. సూర్యాస్తమయానికి రాసిన గంట అట్లా పోయింది.

రేపు ఏడున్నరకు బయలుదేరాలి.

9 ఫిబ్రవరి, గురువారం. ఉదయం 7:30

ఆరింటికి అమ్మే లేచి నన్ను లేపింది. ఒడ్డున రాతి మెట్ల మీద కూర్చుంది. వెలుగొచ్చాక చాలాసేపు చూసి, నిజంగనే లేదు తొవ్వ అంది. బాపు, మన బస్సు గీడికే ఆఖరు అన్నాడు. అమ్మ ఆయన భుజానికి ఆనుకుంది. బయట, మనుషుల మధ్య. ఇంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఇప్పుడే బాపు తాళంచెవి తీసి నిలబడ్డాడు. కూర్చో బాపూ అన్నాను. ఎనిమిదిన్నరకు కదిలినా రెండింటిలోపు చేరతాం. చార్టులో ఒక గంట ఎవరికీ చెప్పకుండా దాచాను.

8:29

ఇద్దరూ ఇంకా మెట్ల మీదే కూర్చున్నారు. పిలవాలి.