నా గెలుపును రద్దు చేయండి

అరకు, శుక్రవారం

ప్రిన్సిపాల్ గారికి నమస్కారాలు.

సోమవారం మీరు నరికించబోతున్న పనసచెట్టు చిగురించింది! ఈ ఉదయం మూడు కొమ్మల మీద చిగుళ్లు చూసి, పరుగున వచ్చి ఈ లేఖ రాస్తున్నాను.

చెట్టు ఎండిపోయిందనీ, అక్కడ పచ్చిక పరచాలనీ నెల క్రితం కళాశాల సభలో వాదించి గెలిచింది నేనే. తోటపని చేసే సోములమ్మ ఆనాడు ఒక్క మాటే అన్నది: "సెట్టు సావనేదు. మీరే ఊపిరాడనియ్యనేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె మాట తప్పని నిరూపించాలన్న పంతంతోనే, మర్నాడు ఆమెతో కలిసి చెట్టు మొదట్లోని సిమెంటు గట్టును పగలగొట్టాను. మీ అనుమతి తీసుకోలేదు, క్షమించండి. పరిశుభ్రత పేరిట మేము రోజూ ఊడ్చి కాల్చే ఆకులను ఆమె ముట్టుకోనివ్వలేదు. "కాఫీ తోటలో ఆకు ఎవులైనా ఊడుస్తారేటే, గుంటా? సెట్టు కూడు సెట్టు కాడే ఉండాల" అని నన్ను కసిరి, కాండానికి జానెడు ఎడంగా వాటిని చుట్టూ పరిపించింది.

సభలో నేను చూపిన పదకొండు కారణాలలో ఒక్కటి కూడా చెట్టు దగ్గరికి వెళ్లి తెలుసుకున్నది కాదు. కనుక నా గెలుపును రద్దు చేయండి. అందుకు నిబంధన లేదంటారా? అయితే సోమవారం గొడ్డళ్లకు బదులు సభను పిలిపించండి, ఆ చెట్టు కిందికే. నా వాదాన్ని నేనే ఖండిస్తాను. మొదటి మాట మాత్రం సోములమ్మది.

ఓడిపోయి ఉప్పొంగుతున్న
మీ మూడో సంవత్సరం విద్యార్థిని